ఒకే ఇంట్లో అయిదు రకాల తలుపులు: దేనిని దేనితో తుడవాలి?

ప్రశ్న (నల్లగొండ నుంచి ఒక గృహిణి)

మేము ఆరేళ్ల క్రితం ఇల్లు కట్టుకున్నాము. సింహద్వారం టేకుది, పాలిష్ చేయించినది. పడక గదులకు సన్‌మైకా అతికించిన ఫ్లష్ తలుపులు, స్నానాల గదులకు పీవీసీ తలుపులు, ముందర ఇనుప గేటు ఉన్నాయి. ఊళ్లో మా అత్తగారి పాత ఇంటిని పడగొట్టినప్పుడు తెచ్చుకున్న, ఇత్తడి బొడిపెలున్న దర్వాజను పూజగదికి పెట్టించుకున్నాము.

ఈసారి దసరాకు ముందు బోరు నీళ్లలో సర్ఫు కలిపి అన్నింటినీ ఒకే బకెట్టుతో కడిగించాను. వారం తిరిగేసరికి సింహద్వారం మీద తెల్లని మరకలు తేలాయి, ఒక పడక గది తలుపు అడుగున ఉబ్బి నేలను రాసుకుంటోంది, గేటు అతుకుల దగ్గర రంగు పొంగి తుప్పు కనిపిస్తోంది. గడపకు రాసిన పసుపు సబ్బు నీళ్లు తగిలి ఎర్రగా మారింది. పీవీసీ తలుపులు అంతకు ముందు నుంచే పచ్చబడుతున్నాయి. దేనిని ఎలా బాగుచేసుకోవాలో, ఇకమీద దేనితో తుడవాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (మహబూబ్‌నగర్, ఇరవై ఏళ్లుగా పాలిష్ పని)

అమ్మా, తలుపు టేకుదా, వేపదా అన్నది తరువాతి మాట. మీ గుడ్డ తగిలేది కర్రకు కాదు, దాని మీది పూతకు. అందువల్ల ముందుగా ఆ పూత ఏమిటో తెలుసుకోవాలి. తలుపు పైఅంచున, ఎవరికీ కనిపించని చోట, దూదిని స్పిరిట్‌లో ముంచి అర నిమిషం అదిమి పట్టండి. అక్కడ జిగురుగా తగిలితే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు చలించకపోతే మెలమైన్ కానీ పీయూ (పాలీయురేథేన్) కానీ, అంటే రసాయనాలతో తయారైన గట్టి పూత అయి ఉంటుంది. లక్క పాలిష్ నీటికీ వేడికీ త్వరగా తెల్లబారుతుంది, పీయూ వాటిని చాలావరకు ఓర్చుకుంటుంది.

తెల్ల మరకలు కూడా రెండు రకాలు. బోరు నీటిలోని లవణాలు పైన ఎండి మిగిలితే ఒక రకం, తేమ పూత లోపలికి దిగితే మరో రకం. ఒక చెంచా వెనిగర్‌ను కప్పు నీటిలో కలిపి, గట్టిగా పిండిన గుడ్డతో ఒక్క మరకను తుడిచి, వెంటనే మంచి నీటి గుడ్డతోనూ ఆ తరువాత పొడిగుడ్డతోనూ తుడవండి. మరక పోతే అది ఉప్పే. పోకపోతే తలుపును గాలి ఆడే నీడలో పది రోజులు వదిలేయండి, చాలాసార్లు దానంతట అదే తగ్గుతుంది. అప్పటికీ నిలిచి ఉంటే 220 నంబరు ఉప్పు కాగితంతో నార వెంబడి, అడ్డంగా కాకుండా, తేలికగా రుద్ది అదే రకం పూతను మళ్లీ వేయించాలి. లక్క మీద పీయూ వేస్తే నిలవదు, పెచ్చులుగా లేస్తుంది. పడమటి ముఖం ఉన్న ఇల్లయితే మా ప్రాంతపు ఎండకు మెలమైన్ త్వరగా పగులుతుంది కనుక, బయటి తలుపులకు ఎండను తట్టుకునే పీయూ వేయించుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఉబ్బిన ఫ్లష్ తలుపు విషయంలో తొందరపడి చిత్రిక పట్టించకండి. కర్ర వానాకాలంలో అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుంటుంది. ఇప్పుడు చెక్కిస్తే వేసవిలో సందు పడుతుంది. సంక్రాంతి దాటాక, పూర్తిగా ఆరిన తరువాత చూడండి. అప్పుడు కూడా రాసుకుంటే బందులు విప్పి తలుపును దించి, తగినంత మాత్రమే చెక్కించండి. దించినప్పుడే అడుగు అంచుకు ప్రైమర్ ఒక పూత, ఎనామెల్ రెండు పూతలు వేయించడం మరవవద్దు. తలుపు ముందూ వెనుకా మెరిసేలా చేసి అడుగు అంచును పచ్చి చెక్కగా వదిలేయడం మా వాళ్లలో చాలామందికి ఉన్న దురలవాటు. నేల తుడిచే నీళ్లు లోపలికి పోయేది అక్కడి నుంచే.

జవాబు (దేవరకొండ, విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకుడు)

పై జవాబుతో నేను ఏకీభవిస్తున్నాను, ఒక హెచ్చరికను మాత్రం చేరుస్తాను. గడప కింద తాండూరు బండ లేదా పాలరాయి ఉంటే వెనిగర్ కానీ నిమ్మరసం కానీ దాని మీద పడనివ్వకండి. అవి సున్నపురాళ్లు, ఆమ్లం తగిలిన చోట మెరుపు పోయి గరుకుదేరుతాయి. గ్రానైట్‌కు ఆ ఇబ్బంది లేదు.

పసుపు ఎర్రబడటం తలుపు దోషం కాదు. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పారాణి ఎర్రగా పండేది కూడా సున్నం కలపడం వల్లనే. నిమ్మరసం కలిపిన తడిగుడ్డతో అద్దితే తిరిగి పసుపు రంగుకు వస్తుంది. మిగిలిన మరక ఎండ తగిలే గడప అయితే కొన్ని వారాల్లో తనంతట తానే వెలిసిపోతుంది. కర్కుమిన్ స్పిరిట్‌లో బాగా కరుగుతుందని కొందరు గడపను స్పిరిట్‌తో తుడుస్తారు, కానీ లక్క పాలిష్ ఉంటే మరకతో పాటు పాలిష్ కూడా పోతుంది. గడపకు పసుపు వద్దని చెప్పే సాహసం నేను చేయను. నీళ్లు తక్కువగా, చిక్కగా కలిపి రాసి, పక్కలకు జారిన తడిని వెంటనే పొడిగుడ్డతో అద్దితే కర్రకు కలిగే కీడు చాలా తగ్గుతుంది.

పాత దర్వాజ ఇత్తడి బొడిపెలకు చింతపండు చక్కగా పనిచేస్తుంది. అయితే ఆ పులుపు చుట్టూ ఉన్న కర్రలోకి దిగకూడదు కనుక, అట్టముక్కకు బొడిపె పట్టేంత రంధ్రం చేసి, దానిని చుట్టూ తొడిగి తోముకోవాలి. ఇనుప మేకుల చుట్టూ నల్లని మచ్చలు ఉంటే అది మురికి కాదు. కర్రలోని టానిన్ తడి సమక్షంలో ఇనుముతో కలిసి ఏర్పరిచే రంగు అది. ఎంత రుద్దినా పోదు. ఆక్సాలిక్ ఆమ్లంతో పోతుంది కానీ అది విషపదార్థం. చేతి తొడుగులతో, పిల్లలు దగ్గర లేనప్పుడు, తెలిసినవారితో చేయించండి.

జవాబు (మిర్యాలగూడ నుంచి)

పీవీసీ తలుపులకు గిన్నెలు తోమే సబ్బు చుక్కలు కలిపిన నీరు, మెత్తని గుడ్డ చాలు. ఇనుప పీచుతో రుద్దితే గీతలు పడి ఆ గీతల్లోనే మట్టి పట్టుకుంటుంది, థిన్నర్ తగిలితే పైపొర కరుగుతుంది. ఎండ వల్ల వచ్చిన పచ్చదనం మాత్రం దేనితోనూ వెనక్కి పోదని నేను రెండేళ్లు ప్రయత్నించి తెలుసుకున్నాను. ఇంకొక సంగతి: స్నానాల గది కడిగే ఆమ్లం ఆవిరికి తలుపు గడియలు, బందులు తుప్పుపడతాయి కనుక కడిగిన తరువాత వాటిని మంచి నీటితో తుడిచి ఆరబెట్టాలి.

గేటు తుప్పు మీద నేరుగా రంగు వేయించకండి. లేచిన రంగును ఇనుప బ్రష్‌తో పూర్తిగా గీకి, ఉప్పు కాగితం పట్టి, దుమ్ము తుడిచి, అదే రోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేయించి, ఆరాక ఎనామెల్ వేయించాలి. ఇనుమును బయట పెట్టి రాత్రి మంచుకు వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు మళ్లీ మొదలవుతుంది.

పాత దర్వాజకు కొబ్బరినూనె రాయమని చాలామంది చెబుతారు, నేను ఒప్పుకోను. అది గట్టిపడే నూనె కాదు, పైన జిడ్డుగా మిగిలి దుమ్మును పట్టుకుంటుంది. అవిసె నూనెను టర్పెంటైన్‌తో పలుచన చేసి రాసి, అరగంట తరువాత మిగులును తుడిచేయండి. తుడిచిన గుడ్డలను మాత్రం ఉండలు చుట్టి మూలన వేయవద్దు, అవిసె నూనె గుడ్డలు తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. ఒక్కొక్కటిగా బయట పరిచి ఆరనివ్వండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. స్పిరిట్ పరీక్ష చేశాను, దూది జిగురుగా అంటుకుంది, కనుక సింహద్వారానిది లక్క పాలిషే. వెనిగర్ గుడ్డకు మూడు మరకలు పోయాయి, రెండు పోలేదు. ఇంకొక అనుమానం మిగిలింది. పాత దర్వాజ కింద రోజూ కొంచెం పొడి రాలుతోంది. అది చెదలా?

జవాబు (మహబూబ్‌నగర్, పాలిష్ పని)

పిండి వంటి పొడి, కర్ర మీద గుండుసూది రంధ్రాలు ఉంటే అది చెద కాదమ్మా, కర్రను తొలిచే పురుగు. చెద అయితే మట్టి గీతలు కడుతుంది. ముందు పొడిని తుడిచి, నేల మీద తెల్ల కాగితం పరిచి నాలుగు రోజులు చూడండి. కొత్త పొడి పడితే పురుగు బతికే ఉందన్నమాట, అప్పుడు మందు పిచికారీ చేసేవారిని పిలిపించి రంధ్రాలలోకి మందు ఎక్కించి, తరువాత వాటిని మైనంతో పూడ్చాలి. నూనె పని అది అయ్యేంత వరకు ఆపండి, ముందే రాస్తే మందు లోపలికి దిగదు. తట్టి చూసినప్పుడు ఎక్కడైనా డొల్ల శబ్దం వస్తే ఆ చోటును సుద్దతో గుర్తు పెట్టి ఉంచండి, వచ్చినవారికి పని తేలికవుతుంది.