లింగ్విస్టిక్స్‌లో అన్ని శాఖలూ చదవాలా, ఒక్కటి పట్టుకుంటే చాలా?

కోనసీమ అక్క

మా పిన్ని కూతురు డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. ఎం.ఏ. లింగ్విస్టిక్స్ చదవడానికి హైదరాబాద్ వెళ్తానంటోంది. ఇంట్లో వాళ్ళు సిలబస్ తెప్పించి చూశారు. ధ్వనిశాస్త్రం, వర్ణశాస్త్రం, పదనిర్మాణం, వాక్యనిర్మాణం, అర్థవిజ్ఞానం, చారిత్రక భాషాశాస్త్రం, సాంఘిక భాషాశాస్త్రం, మాండలికాలు, కంప్యూటేషనల్ (కంప్యూటర్‌తో భాష పని చేయించే శాఖ), భాషాబోధన... చదువుతూ పోతే అయిపోలేదు. వాళ్ళన్నయ్య అడిగిందేమిటంటే, "ఇన్నిట్లో వేలు పెట్టి దేంట్లోనూ లోతు లేకుండా బయటికొచ్చే బదులు, ఉద్యోగానికి పనికొచ్చే కంప్యూటర్ శాఖ ఒక్కటి చదివితే పోదా?"

నేను ఇదే చదువు చదివి అమలాపురం వచ్చి పాఠాలు చెప్పుకుంటున్నాను. నా మాట ముందే చెప్పేస్తున్నా: మొదటి ఏడాది మూలశాఖలన్నీ చదవాల్సిందే. ఒకటి ఎంచుకోవడం ఆ తర్వాతి సంగతి. ముఖ్యంగా తెలుగు మీద పని చేయాలనుకునేవాళ్ళకి ఇది తప్పదు. కాదనేవాళ్ళు కారణంతో కాదనండి, నేనూ కారణంతోనే జవాబిస్తాను.

భీమవరం కోడర్

అక్కా, నేను కాదనే వైపు. ఎం.ఏ. అంటే నాలుగు సెమిస్టర్లు. పరీక్షలూ సెలవులూ పోను చేతికి మిగిలే టైమ్ చాలా తక్కువ. ఐరోపా భాషల్లో 'ప' ఎప్పుడు 'ఫ' అయిందో తెలుసుకుని భీమవరం పిల్ల ఏం చేయాలి? ఇప్పుడు ఏఐ పెద్ద మోడళ్ళు ఎవరూ వ్యాకరణం చెప్పకుండానే కోట్ల వాక్యాలు చదివి భాష నేర్చుకుంటున్నాయి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, స్టాటిస్టిక్స్, మెషీన్ లెర్నింగ్ గట్టిగా వస్తే చాలు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో ఇంటర్ తర్వాత బీటెక్, కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్‌లో ఎం.ఎస్. కలిపి ఐదేళ్ళ కోర్సే ఉంది. ఆ దారి తప్పిపోయినవాళ్ళు కనీసం ఎం.ఏ.లోనైనా ఆ వైపే నడవాలి. ఇది డబ్బు పిచ్చితో అంటున్న మాట కాదు. దూరం పంపి, హాస్టల్ ఫీజు కట్టి చదివించే ఇంటికి ఆ రెండేళ్ళు చాలా ఖరీదైనవి.

పాలకొల్లు మాస్టారు

అమ్మాయీ, నాది ఇంకో అభ్యంతరం. ఎం.ఏ. తెలుగులో భాషాశాస్త్రం ఎలాగూ ఒక పేపరు ఉంటుంది. మేమంతా దాంతోనే గడిపాం. తెలుగు చదివి, బీఈడీయో పండిత శిక్షణో చేస్తే డీఎస్సీ రాసి బడిలో చేరొచ్చు. లింగ్విస్టిక్స్ చదివినవాళ్ళకి బడిలో ఆ సబ్జెక్టే లేదు, పోస్టెక్కడిది? అసలు బాధ వేరే ఉంది. నన్నయ కూర్చుని భారతం రాసిన రాజమహేంద్రవరం పక్కన పుట్టి, పద్యం పక్కన పెట్టి పదాన్ని ముక్కలు చేసుకుంటూ పోతే, భాష మీద ప్రేమ ఎక్కడ మిగులుతుంది?

తణుకు నాన్న

నడుమ ఒక సందేహం అండి. మా అబ్బాయి ఇంటర్ బైపీసీ. స్పీచ్ థెరపీ కూడా లింగ్విస్టిక్స్‌లో భాగమే అంటున్నాడు. ఎం.ఏ. చేస్తే ఆ పని దొరుకుతుందా?

కోనసీమ అక్క

ముందు తణుకు నాన్నగారికి. దొరకదండి. మాట సరిగా రాని పిల్లలకి, పక్షవాతం తర్వాత మాట పోయినవాళ్ళకి చికిత్స చేయాలంటే బి.ఎ.ఎస్.ఎల్.పి. అనే డిగ్రీ వేరే ఉంది. ఇంటర్ సైన్స్ వాళ్ళు చేరొచ్చు. చదివాక రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఇందుకు పేరున్న చోటు. లింగ్విస్టిక్స్ ఆ చదువుకి సాయం చేస్తుంది, దాని లైసెన్సు మాత్రం ఇవ్వదు. బాబు బైపీసీ కాబట్టి ఇప్పుడే ఆ దారి చూడండి. ఎం.ఏ. దాకా ఆగితే ఏళ్ళు పోతాయి.

మాస్టారూ, కోడర్ తమ్ముడూ, మీ ఇద్దరికీ కలిపి ఒకే ఉదాహరణ ఇస్తాను. మనూళ్ళలో "చేస్తాను" అనకుండా "చేత్తాను" అంటారు. "వస్తున్నానండి" బదులు "వత్తన్నానండి". సినిమావాళ్ళు దీన్ని నవ్వులకి వాడుకుంటారు. చదువుకున్న మన పిల్లలు హైదరాబాద్ బస్సెక్కగానే దాన్ని మింగేస్తారు. ఈ ఒక్క మార్పును సరిగ్గా వివరించాలంటే ఎన్ని శాఖలు కావాలో చూడండి.

'స' తర్వాత 'త' వచ్చినప్పుడు 'స' కూడా 'త'గా మారిపోతోంది. ముందు వెనకల ధ్వనులు ఒకదాన్ని ఒకటి ఎలా లాక్కుంటాయో చెప్పేది వర్ణశాస్త్రం. మరి అన్ని చోట్లా మారుతోందా? చేత్తాను, చూత్తాను, రాత్తాను అనేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. బియ్యం బస్తాను బత్తా అంటారు. వాళ్ళే "వాస్తు", "ప్రస్తుతం" అన్నప్పుడు 'స్త' చెక్కుచెదరదు. అంటే ధ్వని ఒక్కటే చూస్తే లెక్క తేలదు. క్రియాధాతువుకి కాలప్రత్యయం తగిలే చోటా, మాట నడిమధ్యా అన్నది చూడాలి. అది పదనిర్మాణం. పుస్తకాల నుంచి వచ్చిన మాటా, ఇంట్లో పుట్టి పెరిగిన మాటా అన్నది కూడా చూడాలి. గ్రాంథికంలో "చేయుచున్నాడు", బడిలో "చేస్తున్నాడు", మా పెరట్లో "చేత్తన్నాడు". మూడింటినీ వరసలో పెట్టి ఏది దేనికి ముందో నిలబెట్టేది చారిత్రక భాషాశాస్త్రం. ఇక అదే మనిషి చేలో కూలీలతో "వత్తన్నా" అని, బ్యాంకు మేనేజరు ముందు "వస్తున్నానండి" అంటాడే, ఆ తేడాని వయసుతో, చదువుతో, ఎదుటి మనిషితో ముడిపెట్టి చూసేది సాంఘిక భాషాశాస్త్రం. విలియం లాబోవ్ అనే అమెరికా భాషాశాస్త్రవేత్త 1960ల్లో న్యూయార్క్ దుకాణాల్లో సేల్స్ వాళ్ళని "ఈ వస్తువు ఎక్కడుంది?" అని అడిగి, "ఫోర్త్ ఫ్లోర్" అనిపించి, ఆ రెండు మాటల్లో 'ర' పలుకుతున్నారా లేదా అని లెక్క రాసుకున్నాడు. ఖరీదైన దుకాణంలో 'ర' ఎక్కువ వినిపించింది, చౌక దుకాణంలో తక్కువ. మన 'స్త'కి అలాంటి లెక్క ఎవరైనా తీస్తే ఎంత బాగుంటుంది!

ఒక్క శాఖే చదివిన మనిషి ఇందులో ఒక్క ముక్క చూసి, అదే మొత్తం అనుకునే ప్రమాదం ఉంది. నా భయం అదే.

మాస్టారూ, ప్రేమ గురించి అడిగారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి గారే వాడుక తెలుగు కోసం అంత పోరాడారు. చివరి ఏళ్ళు ఆయన గడిపింది మన రాజమండ్రిలోనే. సవర ధ్వనుల్ని అంత ఓపికగా విన్న మనిషికి తెలుగు మీద ప్రేమ తగ్గిందని ఎవరూ అనలేరు. మాటను విడదీసి చూస్తే ప్రేమ పోతుందంటే నేను ఒప్పుకోలేను. నాకైతే "చేత్తాను" మీద గౌరవం పెరిగిందే ఆ పాఠాల వల్ల. దానికి ముందు నేనూ దాన్ని తప్పుగానే చూసేదాన్ని, ఎందుకంటే బడిలో అలాగే చెప్పారు.

యానాం స్వరం

అక్క చెప్పిన 'స్త' సంగతి నా రోజువారీ పని. మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తాను. మాకు దొరికే తెలుగు రికార్డింగుల్లో ఎక్కువ భాగం కాగితం చూసి చదివినవి, లేదా వార్తల గొంతులు. వాటితో నేర్పిన మోడల్ టీవీ యాంకర్ మాటలు ఇట్టే రాసేస్తుంది. గోదావరి లంకల్లోంచి రైతు ఫోన్ చేసి "పంటకి నీళ్ళెప్పుడొత్తాయండి" అంటే తడబడుతుంది. టీమ్‌లో అందరూ డేటా ఇంకా పోద్దాం అన్నారు. ఏ డేటా, ఎవరి గొంతు, ఏ మార్పులు ఎక్కడ జరుగుతాయి అని పట్టిక వేసి చెప్పింది ధ్వనిశాస్త్రం చదివిన ఒకావిడ. అప్పుడే పని ముందుకు కదిలింది.

ఇంకోటి. "వాడు"లో దీర్ఘం, "వచ్చాడు"లో దీర్ఘం రాతలో ఒకటే. పలికి చూడండి, రెండూ ఒకటి కావు. "వచ్చినాడు"లోని ఇకారం పోతూ పోతూ పక్కనున్న ఆకారాన్ని ముందుకి లాగేసింది. ఆ అచ్చుకి మన లిపిలో వేరే గుర్తు లేదు. రాతను చూసి చదివే మెషీన్‌కి ఈ సంగతి తెలియకపోతే, అది పలికే తెలుగు మనకి పరాయిగా వినిపిస్తుంది. ఈ తేడా ఎక్కడెక్కడ వస్తుందో చెప్పడానికి కోడింగ్ ఒక్కటీ సరిపోదు, తెలుగు క్రియ చరిత్ర తెలియాలి.

కోడర్ గారి మాటలో ఒకటి నూటికి నూరు పాళ్ళూ నిజం. పైథాన్ రాని లింగ్విస్టుని మా దగ్గర తీసుకోవడం కష్టం. పిన్ని కూతురికి ఆ సంగతి ఇప్పుడే చెప్పండి.

భీమవరం కోడర్

'వచ్చాడు' సంగతి నేను ఎప్పుడూ గమనించలేదు, పైకి పలికి చూశాను, నిజమే. ధ్వని, పదనిర్మాణం తప్పనిసరి అంటే ఒప్పుకుంటాను. అన్నీ అంటే మాత్రం ఇంకా ఒప్పుకోను. వాక్యనిర్మాణం పెద్ద మోడళ్ళకి బాగానే వస్తోంది. వాక్యాన్ని కొమ్మలుగా విడదీసి చూపే ఆ చెట్టు బొమ్మలు మనిషి కూర్చుని గీయక్కర్లేదు.

కోనసీమ అక్క

తమ్ముడూ, "నిన్న సాయంత్రం వచ్చింది" అన్న వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చమని మెషీన్‌కి ఇవ్వు. వచ్చింది ఎవరు? ఆడమనిషా, బస్సా, ఉత్తరమా? తెలుగులో ఏకవచనంలో "అమ్మాయి వచ్చింది", "బస్సు వచ్చింది" ఒకటే రూపం. బహువచనానికి వచ్చేసరికి అమ్మాయిలు "వచ్చారు" వైపు వెళ్ళిపోతారు, బస్సులు "వచ్చాయి" దగ్గర ఆగిపోతాయి. పైగా మన దగ్గర పెద్దావిడైతే ఒక్కరికే "వచ్చారు" అంటాం. కర్త చెప్పకుండా వదిలేయడం మనకి అలవాటు. మెషీన్ ముందు వాక్యాలు చూసి ఊహిస్తుంది, చాలాసార్లు సరిగ్గానే ఊహిస్తుంది. తప్పినప్పుడు ఎందుకు తప్పిందో చెప్పాలంటే వాక్యం, లింగం, వచనం, గౌరవం ఎలా పని చేస్తున్నాయో తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషివి నువ్వే ఎందుకు కాకూడదు?

పాలకొల్లు మాస్టారు

గిడుగు వారి పేరు ఎత్తాక నేను ఎదురు చెప్పలేను గానీ, పోస్టుల సంగతి మాత్రం వెనక్కి తీసుకోను. అయితే ఒకటి గుర్తొచ్చింది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊళ్ళు తిరిగి మాటలు సేకరింపించి తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయం మీదే, 1962లో వచ్చింది. తర్వాత 1971లో చేనేత. ఆ సేకరణ జరిగే నాటికి మన డెల్టాలో సార్వాకీ దాళ్వాకీ (ఖరీఫ్, రబీ వరికి) ఆకుమడిలో నారు పోసి, దాన్ని తీసి ఊడ్చేవాళ్ళు, అంటే నాటేవాళ్ళు. ఇప్పుడు వెదజల్లే సాగు వస్తోంది, మెషీన్లతో నాటుతున్నారు. ఆకుమడే లేకపోతే దాని చుట్టూ ఉన్న మాటలు ఎవరి నోట్లో ఉంటాయి? కొబ్బరి దింపు వాళ్ళ మాటలు, ఒలుపు వాళ్ళ మాటలు ఎవరు రాసుకుంటున్నారు? మీ పిన్ని కూతురు ఆ పని చేస్తానంటే, ఫీల్డ్‌వర్క్‌కి తిరగడానికి మా ఊళ్ళో పెద్దవాళ్ళని నేను పరిచయం చేస్తాను.

కోనసీమ అక్క

మాస్టారూ, ఈ మాట దానికి ఇవాళే చెప్తాను. పోస్టుల విషయంలో మీరన్నది నిజమే, బడిలో లింగ్విస్టిక్స్ టీచరు ఉద్యోగం లేదు. ఉన్నవి ఇవీ: కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో లింగ్విస్టిక్స్ ప్రత్యేక సబ్జెక్టు, అందులో జే.ఆర్.ఎఫ్. (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే ఫెలోషిప్‌తో పరిశోధన చేసుకోవచ్చు. 1969లో మైసూరులో పెట్టిన భారతీయ భాషల కేంద్రీయ సంస్థలో ప్రాజెక్టులు ఉంటాయి. ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం నెల్లూరులో ఉంది. అనువాదం, నిఘంటువులు, పాఠ్యపుస్తకాలు, ఇప్పుడు స్పీచ్ కంపెనీలు. ఇవి ఎక్కువ కాదు, తేలికా కాదు. ఇంట్లో వాళ్ళకి ఉన్నది ఉన్నట్టు చెప్పి పంపించాలి.

రాజోలు డిగ్రీ

అక్కా, ఈ చర్చ మొత్తం చదివాను. నేనూ అప్లై చేద్దామనుకుంటున్నాను గానీ టెన్షన్‌గా ఉంది. చేరేముందే ఈ చదువు నాకు పడుతుందో లేదో తెలుసుకునే మార్గం ఉందా?

కోనసీమ అక్క

ఉందమ్మా. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, ఒప్పుకుంటేనే, వాళ్ళ మాటలు ఫోన్‌లో రికార్డు చెయ్యి. చిన్నప్పటి తుఫాను గురించో, ఊడ్పుల గురించో అడుగు. కథలో పడితే మైకు సంగతి మర్చిపోతారు. తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఐదు నిమిషాల మాటని, సరిదిద్దకుండా, విన్నది విన్నట్టు రాయి. "చేత్తాను" అంటే "చేత్తాను" అనే రాయాలి. మన చెయ్యి దానంతటదే "చేస్తాను" అని రాసేస్తుంది, దాన్ని ఆపడమే మొదటి పాఠం. రాశాక 'స్త' ఉండాల్సిన మాటలన్నీ ఒక కాలమ్‌లో పెట్టి, ఏవి మారాయో, ఏవి మారలేదో, ఎందుకయి ఉంటుందో పక్కన రాసుకో. అదే పెద్దవాళ్ళు ఊరి డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఎలా అంటున్నారో కూడా గమనించు.

ఈ పని విసుగనిపిస్తే వేరే చదువు చూసుకో, అందులో తప్పేం లేదు. రాత్రి పన్నెండయినా ఆ కాలమ్ వదలబుద్ధి కాకపోతే అప్లికేషన్ పెట్టెయ్. ఆ కాగితం ఇక్కడ పెట్టు, నేనూ యానాం వాళ్ళూ చూసి చెప్తాం.

భీమవరం కోడర్

రాజోలు గారూ, కాలమ్స్‌ని ఎక్సెల్‌లో వేసి పంపండి. లెక్క తీసే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ నేను రాసిస్తాను, ఎలా రాయాలో కూడా చూపిస్తాను. వాక్యనిర్మాణం మీద అక్కతో వాదన మాత్రం ఇంకా అవ్వలేదు.