అమ్మేవాడికి హక్కు ఉందో లేదో సబ్ రిజిస్ట్రార్ చూడాలా?

లేఖరి:
ఒకే ప్లాటు ఇద్దరికి అమ్మేస్తే ముందు తిట్లు తినేది సబ్ రిజిస్ట్రారే. నా లెక్కలో టైటిల్, అంటే ఆస్తి హక్కు ఎవరిదో తేల్చడం ఆయన పని కాదు, కాకూడదు కూడా. రాసిచ్చినవాడు ఎదురుగా ఉన్నాడా, సంతకం తనదేనని ఒప్పుకున్నాడా, రాసిన నాలుగు నెలల్లోపు తెచ్చారా, స్టాంపు డ్యూటీ సరిపోయిందా, హద్దులు ఆస్తిని గుర్తుపట్టేలా ఉన్నాయా చూస్తాడు. రిజిస్ట్రేషన్ చట్టం 32-ఎ సెక్షన్ కింద ఫొటోలు, వేలిముద్రలు తీసుకుంటాడు. అక్కడితో సరి.

హద్దురాయి:
సరి అంటే ఎలా అండీ? రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22-ఎ జాబితాలో ఉన్న సర్వే నంబరైతే ఆపుతున్నారుగా. సర్కారు భూమికి, దేవాదాయ భూమికి ఉన్న కాపలా మామూలోడి రెండొందల గజాలకు ఎందుకుండదు? నిన్న అమ్మిన ప్లాటు ఇవాళ మళ్లీ వస్తే ఆస్తి దస్తావేజులు ఎక్కించే అదే ఆఫీసు ఒకటో పుస్తకంలో కనపడదా?

లేఖరి:
22-ఎ చట్టం ఇచ్చిన అధికారం. ఆ జాబితా పైనుంచి వస్తుంది, ఆయన విచారించి తయారు చేసేది కాదు. మీరనే దారిలో తమిళనాడు నడిచింది. పాత దస్తావేజు, ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) చూపకపోతే రిజిస్ట్రేషన్ చేయనక్కర్లేదని 55-ఎ(ఐ) రూలు పెట్టింది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో లేని అధికారం రూలుతో రాదని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తాతల నాటి ఇళ్లకు కాగితం ఎక్కడిది? ఆ అధికారం చేతికిస్తే ప్రతి పాతిల్లూ కౌంటర్ దగ్గర బేరమే.

నకలు:
ఇద్దరూ ఈసీని మరీ నమ్ముతున్నారు. ఈసీ మీరిచ్చిన నంబరుకే వెతుకుతుంది. సర్వే నం. 142ను 142/1, 142/2గా విడగొట్టాక 142/1 ఒక్కటే కొడితే, అంతకుముందు 142 మీద రాసిన తనఖా బయటపడకపోవచ్చు. మున్సిపాలిటీ ఇంటి నంబరు మార్చినా అదే గొడవ, పాత నంబరు కూడా ఇచ్చి వెతికించాలి. వీలునామాలుండేది మూడో పుస్తకంలో, ఈసీకి ఎక్కవు. వారసత్వానికి దస్తావేజే ఉండదు. ఇంక సబ్ రిజిస్ట్రార్ ఏం చూసి తేలుస్తాడు?

హద్దురాయి:
ఒప్పుకుంటా, తేల్చలేడు. ఆపొద్దు కూడా. కానీ అదే నంబరు మీద ముందు అమ్మకం కనపడితే కొనేవాడికి ఒక ముక్క చెబితే ఏం పోయింది? చట్టం అడ్డం రాదుగా.

లేఖరి:
చెప్పమనండి, దానికి నేనూ సై. నా గొడవ ఆపడం దగ్గరే. ఆపితే 71వ సెక్షన్ ప్రకారం కారణం రెండో పుస్తకంలో రాయాలి, అడిగితే ఆ నకలు రుసుం లేకుండా ఇవ్వాలి. దాని మీద 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రార్‌కు అప్పీలు. సంతకం నాది కాదని రాసిచ్చినవాడు అడ్డం తిరిగిన కేసైతే అప్పీలు కాదు, 73వ సెక్షన్ కింద దరఖాస్తు. "పైనుంచి క్లారిటీ రావాలి, రేపు రండి" అని నోటితో పంపేస్తే ఈ దారులేవీ తెరుచుకోవు. అందుకే ముందు అడగాల్సింది ఆ కాగితమే.

నకలు:
నోటిమాటతో తిప్పి పంపితే దస్తావేజుతో పాటు కారణం రాసివ్వమని ఒక అర్జీ కూడా పెట్టి, దాని మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకోండి.