ఫీడ్ ముందు ప్రతిసారీ లాగి చూడాలా, వద్దా?

ఓరుగల్లు సిస్టర్:
మా ఐసీయూకు కొత్తగా వచ్చిన డాక్టర్ గారు, రైల్స్ ట్యూబ్ (ముక్కుల నుంచి కడుపులకు వేసే పైపు) ఫీడ్ ముందు, పాతది అరగక ఎంత మిగిలిందో సిరంజితో లాగి కొలిచే పని మానేయమన్నరు. మా ఇన్‌చార్జ్ మేడం మాత్రం నాలుగు గంటలకోసారి లాగాల్సిందే, 150 ఎంఎల్ దాటితే ఫీడ్ ఆపాల్సిందే అంటరు. చార్ట్‌ల ఆ కాలమ్ ఖాళీగుంటే చీవాట్లు నాకే. మీ దగ్గర ఎట్ల నడుస్తున్నది?

నర్సింగ్ ట్యూటర్:
డాక్టర్ గారి మాటకు ఆధారం ఉంది. కొలవకపోతే కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుందనే కదా భయం. 2013లో వచ్చిన ఫ్రాన్స్ అధ్యయనంలో వెంటిలేటర్ మీదున్న 449 మందిని చూశారు. కొలిచినవాళ్లలో, కొలవనివాళ్లలో న్యుమోనియా దాదాపు ఒకటే, 16 శాతానికి అటూ ఇటూ. కొలవనివాళ్లకు వాంతులు ఎక్కువయ్యాయి, నిజమే. కానీ కేలరీలు సరిగ్గా అందింది కూడా వాళ్లకే. 2016 అమెరికా మార్గదర్శకాలైతే రొటీన్‌గా కొలవనక్కర్లేదన్నాయి. కొలిచినా, వేరే ఇబ్బందేమీ లేకపోతే 500 లోపు ఉందని ఫీడ్ ఆపొద్దన్నాయి. 150కే ఆపేస్తే పేషెంట్‌ను పస్తు పెట్టినట్టే.

నైట్ డ్యూటీ:
మేడం, ఆ ఫ్రాన్స్ ఐసీయూలల్ల పురుగుల మందు తాగిన కేసులు ఎన్ని ఉంటయి? మాకు పత్తి చేన్ల మీద మందు కొట్టే రోజులల్ల అవే వస్తుంటయి. విరుగుడుగ ఇచ్చే అట్రోపిన్ ఎక్కుతుంటే పేగులు కదలవు, స్టెత్ పెడితే చప్పుడే ఉండదు, కడుపు డోలు లెక్క ఉబ్బుతది. లాగి చూడకుండ అందుల ఇంకో 200 పోయమంటరా? ఇంకోటి, లాగితే ఎంతున్నదో ఒక్కటే కాదు, ఏమున్నదో కూడ తెలుస్తది. కాఫీ పొడి రంగుల వచ్చిందంటే లోపల రక్తం కారుతున్నదేమో అని అప్పటికప్పుడు డాక్టర్‌ను లేపుతం.

నర్సింగ్ ట్యూటర్:
అట్రోపిన్ కేసుల్లో చూడండి, కాదనను. కడుపు ఆపరేషన్ అయినవాళ్లను ఆ అధ్యయనంలోనే తీసుకోలేదు. నా అభ్యంతరమల్లా, పక్షవాతం వచ్చి రోజుల తరబడి ఫీడ్ ఒంటబడుతున్న తాతకు కూడా అదే లెక్క ఎందుకని. పైగా లాగింది బేసిన్‌లో పారబోసేవాళ్లు ఉన్నారు. దాంతో ఉప్పులు, ఆమ్లం అన్నీ పోతాయి.

జనగామ:
నేను నర్సును కాదు. మా నాయిన జనరల్ వార్డుల ఉన్నప్పుడు ముక్కు పైపుల జావ మేమే పోసినం. ఒక సిస్టర్ లాగి చూడుమన్నది, ఇంకో సిస్టర్ ముట్టుకోవద్దన్నది. అటెండెంట్లు ఎవరి మాట వినాలె?

నైట్ డ్యూటీ:
అన్నా, లాగుడు మీ పని కాదు, సిస్టర్‌నే పిలువుండ్రి. మీరు చూసుకోవాల్సింది వేరే. మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు లేపాలె. ముక్కు దగ్గర పైపు మీద పెట్టిన గుర్తు జరిగిందా చూడాలె, జరిగితే చుక్క కూడ పోయొద్దు. సిరంజిల లోపలి పుల్ల తీసేసి, గొట్టం ఎత్తి పట్టుకుంటే జావ దానంతటదే దిగాలె. తొందరకు పుల్లతోని నెట్టుతరు చూడుండ్రి, వాంతి దానితోనే. జావ వడగట్టి, అయినంక 30 ఎంఎల్ నీళ్లు పోసి, అరగంటన్న అట్లనే కూసోబెట్టుండ్రి. దగ్గు వస్తే ఆపాలె. నన్నడిగితే వార్డులల్ల పాలు ఊపిరితిత్తులల్లకు పోయేది ఇక్కడనే, ఐసీయూ కాలమ్ గురించి ఇంత కొట్లాడుతున్నం గని.

రిటైర్డ్ ఇన్‌చార్జ్:
ఆ కాలమ్ ఎందుకొచ్చిందో నేను చెప్తా. అంకె కోసం ఒక్కటే కాదు బిడ్డా. చేతినిండ పేషెంట్లున్న పిల్ల నాలుగు గంటలకోసారన్న ఆ మంచం దగ్గర నిలబడాలె, కడుపు మీద చెయ్యి వెయ్యాలె. కాలమ్ తీసేస్తే అది కూడ పోతది.

ఓరుగల్లు సిస్టర్:
అట్లయితే మేడం, ఆ కాలమ్‌ల 'కడుపు ఉబ్బు, వాంతి, విరేచనం' అని రాస్తం. లాగుడు ఎవరికి కావాల్నో డాక్టర్ గారినే కేస్ షీట్‌ల పేషెంట్‌వారీగా రాయమంట. నోటి మాట మీద మాత్రం మానేయ, రేపు ఏదన్న అయితే సంతకం నాదే ఉంటది.