వాయిదా తప్పింది, వారెంట్ వచ్చింది: స్వయంగా రీకాల్ పిటిషన్ వేయవచ్చా?

చెక్కు బౌన్స్ కేసులో బెయిలు మీద ఉన్న నేను, ఈ నెల 11న ఉన్న వాయిదాను డైరీలో 17గా చదువుకోవడం వల్ల (నా దస్తూరిలో 1కీ 7కీ పెద్ద తేడా ఉండదు) కోర్టుకు హాజరు కాలేకపోయాను. 12వ తేదీ సాయంత్రం కోర్టు వెబ్‌సైటులో కేసు నంబరు పెట్టి చూస్తే, నాపై నాన్ బెయిలబుల్ వారెంట్ (అరెస్టు చేసి కోర్టులో హాజరుపరచమనే ఉత్తర్వు) జారీ అయినట్టూ, తదుపరి వాయిదా 28కి పడినట్టూ ఉంది. అప్పటి నుంచి మా న్యాయవాదికి ఆరుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. కోర్టు ఆఫీసులో అడిగితే, న్యాయవాదిని తీసుకుని రమ్మని మాత్రమే చెప్పి పంపించేశారు. ఇంతకు ముందు నేను ఒక్క వాయిదా కూడా తప్పలేదు, పోలీసులు ఇంకా రాలేదు. పొరపాటుకు రుజువంటే ఆ డైరీ పేజీ ఒక్కటే. 28 వరకు ఆగకుండా, నేనే జడ్జి ఎదుట హాజరై వారెంట్ రీకాల్ పిటిషన్ (వారెంట్‌ను వెనక్కి తీసుకోమని కోరే అర్జీ) దాఖలు చేయవచ్చా, లేక కొత్త న్యాయవాదితో వకాలత్ (నా తరఫున వాదించేందుకు అధికారమిచ్చే పత్రం) వేయించాకే వెళ్లాలా?