ఓవెన్ లేదు, ఆదివారం రాత్రి ఆరుగురు భోజనానికి వస్తున్నారు. ఏం వండాలి?

మధురవాడ కొత్తకాపురం:
అందరికీ నమస్తే. వచ్చే ఆదివారం రాత్రి మావారి ఆఫీసు వాళ్ళు ఆరుగురు వస్తున్నారు. ఇంట్లో రెండు పొయ్యిల స్టవ్వు, కుక్కర్, మిక్సీ, ఫ్రిజ్ ఉన్నాయి, అంతే. ఒకాయన శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. ఇద్దరు మందు పుచ్చుకుంటారు, మిగతావాళ్ళకి అలవాటు లేదు. ఈయనేమో బిర్యానీ ఆర్డర్ పెట్టేద్దాం అంటున్నారు, నాకు చేతులారా వండి పెట్టాలని ఉంది. హార్బర్‌కి వెళ్ళి వంజరం తెచ్చి పులుసు పెడదామనుకుంటున్నా. ఓ తీపి, తాగడానికి ఏదైనా కూడా చెప్పండి. వాళ్ళొచ్చాక నేను వంటింట్లోనే ఉండిపోకూడదు, అదొక్కటే షరతు.

పెదవాల్తేరు పిన్ని:
వంజరం మీద ఆశ వదులుకో అమ్మా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్ల వేట నిషేధం. నాటు పడవల వాళ్ళు తెచ్చేది కాస్తంత, దానికి పోటీ ఎక్కువ. ఐసులో ఎన్నాళ్ళు పడుందో తెలియని చేపకి డబ్బు తగలేయకు. చెరువు రొయ్యకి ఆ గొడవ లేదు. రొయ్యల పులావ్, పెరుగు పచ్చడి, ఇంకేం అక్కర్లేదు. నాలుగైదు కూరలు చేసి నీరసపడి కూర్చుంటే వచ్చినవాళ్ళకే ఇబ్బంది.

తలలతో కిలోన్నర కొను, ఒలిచాక ఇంచుమించు సగం మిగులుతుంది. వీపు మీద చీరి నల్ల నరం తీసేయ్. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి పావుగంట ఉంచు. ఇప్పుడు అసలు సంగతి: రొయ్యల్ని బియ్యంతో పాటు కుక్కర్లో వేసి విజిల్ పెట్టకు. అన్నం ఉడికేలోపు అవి రబ్బరైపోతాయి. మూకుడు బాగా కాగనిచ్చి, నూనెలో రెండు మూడు నిమిషాలు వేయించు. ఒకేసారి అన్నీ కుమ్మరిస్తే నీరు ఊరి వేగడం మానేసి ఉడుకుతాయి, కాబట్టి రెండు వాయిలుగా వెయ్యి. రంగు తిరిగి కొంచెం వంగగానే తీసేయ్. తలా తోకా కలిసేలా ముడుచుకున్నాయంటే మించిపోయినట్టే.

తలలు, పెంకులు పారేయకు. కాస్త నూనెలో వేపి, ఐదు గ్లాసుల నీళ్ళు పోసి పావుగంట మరిగించి వడకట్టు. పులావ్ రుచంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది. మూడు గ్లాసుల బాస్మతి అరగంట నానబెట్టు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పుదీనా, గరం మసాలా దినుసులు వేగాక, ఒక గ్లాసు కొబ్బరిపాలు, మూడున్నర గ్లాసులు ఈ రొయ్య నీళ్ళు పోసి, తెర్లినప్పుడు బియ్యం వెయ్యి. మూతపెట్టి సన్న సెగ మీద పన్నెండు నిమిషాలు. రొయ్యలు పైన పరిచి, మూత మళ్ళీ వేసి పొయ్యి కట్టేయ్. పది నిమిషాలు ఆ ఆవిరి చాలు.

గాజువాక ఒంటరిగాడు:
పిన్నిగారూ, అంతా బాగుంది గానీ శాకాహారి ఆయన సంగతేంటి? పైనున్న రొయ్యలు ఏరేసి పెట్టినా, అన్నం ఉడికింది పెంకుల నీళ్ళలోనే కదా!

పెదవాల్తేరు పిన్ని:
బాగా పట్టుకున్నావు బాబూ. ఉల్లిపాయ మసాలా మొత్తం ముందే ఒకసారి వేయించి, ఇంకో గ్లాసు బియ్యానికి సరిపడా అందులోంచి చిన్న గిన్నెలోకి తీసేయాలి. దాంట్లో బంగాళదుంప, బఠాణీ, కొబ్బరిపాలు, మామూలు నీళ్ళు. గరిటె కూడా వేరే. ఆయనకి ఆ గిన్నె ముందు చూపించి వడ్డించు, అనుమానం లేకుండా తింటారు.

ఎంవీపీ కాలనీ అక్క:
తీపికి ఈ ఎండల్లో ముంజల పాయసం చెయ్యి, గుడ్డు లేదు, పొయ్యి పని తక్కువ. లీటరు పాలు ముప్పావు లీటరు అయ్యేదాకా కాచి, పంచదార, ఏలకుల పొడి వేసి పూర్తిగా చల్లార్చు. లేత ముంజలు పదిహేను తీసుకుని పై పొర ఒలిచేయ్, లేకపోతే వగరొస్తుంది. సగం మిక్సీలో ఒక్క తిప్పు, సగం ముక్కలు. చల్లారిన పాలలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టు. వేడి పాలలో వేస్తే ముంజల లేతదనం పోతుంది. ముంజలు ఆదివారం ఉదయమే కొను, ఒక్క రోజుకే పులుపెక్కుతాయి.

మధురవాడ కొత్తకాపురం:
అక్కా, పంచదార బదులు అనకాపల్లి బెల్లం వేయొచ్చా?

ఎంవీపీ కాలనీ అక్క:
వేయొచ్చు, కానీ పాలు పొయ్యి మీద ఉండగా వేశావో విరిగిపోతాయి. బెల్లం వేరే కరిగించి, ఇసుక లేకుండా వడకట్టి, అదీ ఇదీ చల్లారాక కలుపు. రంగు మాత్రం గోధుమరంగు వస్తుంది, ముంజల తెలుపు కనబడదు. నేనైతే పంచదారే వాడతాను.

గాజువాక ఒంటరిగాడు:
గ్లాసుల విషయం నాకొదిలేయండి. మందు తాగేవాళ్ళకొకటి, తాగనివాళ్ళకొకటి కలుపుతూ కూర్చోకండి. అందరికీ ఒకటే మామిడికాయ షరబత్తు. పెద్ద పచ్చి మామిడికాయలు రెండు కుక్కర్లో మూడు విజిల్స్ రానిచ్చి, గుజ్జు తీసి, ఒక గ్లాసు పంచదార, వేయించిన జీలకర్ర పొడి, నల్లుప్పు వేసి మిక్సీ పట్టండి. శనివారమే చేసి పెట్టుకోవచ్చు. గ్లాసుకి నాలుగు పెద్ద చెంచాల గుజ్జు, ఐసు, పైన చల్లటి సోడా. తాగే ఇద్దరికీ సోడా పోసేముందు వోడ్కా గానీ తెల్ల రమ్ము గానీ 60 మిల్లీలీటర్లు, అంటే ఒక లార్జ్. కొలిచి పోయండి, చేతివాటంగా పోస్తే మామిడి పులుపులో ఘాటు తెలియదు, రెండో గ్లాసుకే తల తిరుగుతుంది. మందున్న గ్లాసులో మాత్రమే పుదీనా రెబ్బ వెయ్యండి, గ్లాసులు తారుమారు కావు.

ఇంకొంచెం హంగు కావాలంటే 60 రమ్ము, 25 నిమ్మరసం, 20 పంచదార పాకం, నిండా ఐసు, మూత గట్టిగా ఉండే స్టీలు డబ్బాలో వేసి డబ్బా చేతికి జిల్లుమనేదాకా ఊపి వడకట్టండి. ఆ డబ్బాలో సోడా మాత్రం పోయకండి, మూత ఎగిరి గోడంతా పాడవుతుంది. నిమ్మకాయలు ఆ సాయంత్రమే పిండుకోండి. బండి మీద వచ్చినవాళ్ళకి క్యాబ్ ముందే మాట్లాడి పెట్టమని మీవారికి చెప్పండి.

ఎంవీపీ కాలనీ అక్క:
ఐసు శుక్రవారం నుంచే పెట్టడం మొదలెట్టు, రెండు ట్రేలు ఎనిమిది మందికి ఏ మూలకి? గడ్డకట్టినవి కవర్లో వేసి మూతి గట్టిగా కట్టు. రొయ్యలు అదే ఫ్రీజర్లో పెట్టావంటే షరబత్తులో నీచు వాసన వస్తుంది.

మధురవాడ కొత్తకాపురం:
అర్థమైంది. వాళ్ళు ఎనిమిదికి వస్తామన్నారు, ఆలస్యం చేస్తే? పులావ్ మళ్ళీ వేడి చేస్తే రొయ్యలు గట్టిపడవూ?

పెదవాల్తేరు పిన్ని:
గట్టిపడతాయి. అందుకే వేయించిన రొయ్యలు మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచేయ్. వాళ్ళు సగం దారిలో ఉన్నామని ఫోన్ చేశాక బియ్యం ఎసట్లో పడెయ్యి. కబుర్లు మొదలెట్టి, గ్లాసులు చేతికిచ్చేలోపు అన్నం అవుతుంది. వడ్డించే ముందు రొయ్యల్ని చెంచా నెయ్యిలో ఒక్క నిమిషం వేడిచేసి పైన పరుచు.