ఆలెన్ మాల్ కాల్పుల తర్వాత కూడా టెక్సాస్‌లో తుపాకీ చట్టాలు ఇలాగే ఉండాలా?

ప్లేనో_లక్ష్మి:
2023 మే 6న ఆలెన్ అవుట్‌లెట్ మాల్‌లో ఒకడు 8 మందిని కాల్చి చంపాడు. చనిపోయినవాళ్లలో మన తెలుగమ్మాయి ఒకరు, ఇంజనీరు. డాలస్ వైపు ఉండే మనలో ఆ మాల్‌కి వెళ్లనివాళ్లెవరు? దానికి ముందు ఏడాదే మన టెక్సాస్‌లోనే యువాల్డే ఊరి బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. ఆ కుర్రాడు 18 నిండగానే రెండు రైఫిళ్లు కొన్నాడు, చట్టప్రకారమే. రైఫిల్‌కి 21 ఏళ్లు ఉండాలి, ప్రైవేటుగా అమ్మినా బ్యాక్‌గ్రౌండ్ చెక్ (కొనేవాడి నేరచరిత్ర చూడటం) ఉండాలి, ప్రమాదకరంగా మారిన మనిషి దగ్గర తుపాకీని కోర్టు ఆర్డరుతో తీసుకునే రెడ్ ఫ్లాగ్ చట్టం రావాలి. నేనడిగేది ఇంతే.

స్టోర్_మూర్తి:
ఆలెన్‌లో కాల్చినవాడికి 33 ఏళ్లండీ. మీ 21 రూలు వాణ్ని ఆపేదా?

కొత్త_సభ్యుడు:
తుపాకీ ఉంచుకునే హక్కు ఇచ్చే సెకండ్ అమెండ్‌మెంట్ రాజ్యాంగంలో ఉన్నంతకాలం ఏదీ మారదు, వదిలేయండి.

ప్లేనో_లక్ష్మి:
ఎందుకు వదిలేయాలి? 2018లో పార్క్‌ల్యాండ్ స్కూల్లో 17 మంది చనిపోయాక ఫ్లోరిడాలో రిపబ్లికన్ గవర్నరే వయసు 21కి పెంచి, రెడ్ ఫ్లాగ్ కూడా తెచ్చాడు.

స్టోర్_మూర్తి:
33 ఏళ్ల సంగతి అడిగాను. జవాబు లేదు.

ప్లేనో_లక్ష్మి:
వాణ్ని 2008లోనే ఆర్మీ శిక్షణ పూర్తి కాకుండా మూడు నెలలకే పంపించేసింది. అలాంటివాళ్ల కోసమే కదా రెడ్ ఫ్లాగ్ అడుగుతున్నది!

హెచ్‌1బి_కిరణ్:
హంటింగ్ లైసెన్స్ ఉంటే వీసా మీద ఉన్నవాళ్లు కూడా కొనుక్కోవచ్చు. నేనలాగే కొన్నాను, ఇంట్లో ధైర్యంగా ఉంది.

స్టోర్_మూర్తి:
లక్ష్మిగారూ, మీరు గేటెడ్ కమ్యూనిటీలో ఏసీలో కూర్చుని ఎన్నైనా చెబుతారు. రాత్రి షిఫ్టులో ఒకడు నా ముఖానికి గన్ పెట్టి క్యాష్ రిజిస్టర్ తెరవమంటే, చేతులు వణికి ఆ బటన్ నొక్కడం కూడా నావల్ల కాలేదు. వాడు లాటరీ టికెట్ల అద్దం పగలగొట్టి పోయాడు. పోలీసులు తీరిగ్గా వచ్చి కాగితం రాసుకుని వెళ్లారు. ఆ రోజు నుంచీ కౌంటర్ కింద పిస్టల్ ఉంది. అది ఎవడడిగినా ఇవ్వను.

ప్లేనో_లక్ష్మి:
మీ పిస్టల్ ఎవరడిగారు? పైన రాసింది చదివారా అసలు?

స్టోర్_మూర్తి:
చదివాను, చదివే చెబుతున్నా. రెడ్ ఫ్లాగ్ అంటే రేపు నాతో గొడవపడ్డ కస్టమరెవడో వెళ్లి వీడు ప్రమాదకరం అంటాడు. నా యాస విని, నా రంగు చూసి జడ్జి ఎవరి మాట నమ్ముతాడు? నా భయం అదీ!

ప్లేనో_లక్ష్మి:
ఈ మాట మొదటే అనాల్సింది. ఫ్లోరిడాలో కోర్టుకి వెళ్లగలిగేది పోలీసులు మాత్రమే, కస్టమర్ కాదు.

స్టోర్_మూర్తి:
ఆ పోలీసుల్నే నమ్మనంటున్నా.

ప్లేనో_లక్ష్మి:
నేనూ నమ్మను. యువాల్డేలో వందలమంది వచ్చి కూడా 77 నిమిషాలు ఆగారు, లోపల పిల్లలు ఫోన్లు చేస్తుంటే! కాల్పులు మొదలయ్యాక ఎవరో వచ్చి కాపాడతారన్న ఆశ నాకు లేదు, అందుకే ఆ రైఫిల్ ముందు ఆ కుర్రాడి చేతికే రాకూడదంటున్నా.

స్టోర్_మూర్తి:
21 ఏళ్లకి నాకు అభ్యంతరం లేదు. రెడ్ ఫ్లాగ్‌కి మాత్రం ఒప్పుకోను.

ప్లేనో_లక్ష్మి:
ఆలెన్ జరిగిన రెండు రోజులకి ఆస్టిన్‌లో, అంటే మన రాష్ట్ర శాసనసభలో, హౌస్ కమిటీ ఆ 21 ఏళ్ల బిల్లునే 8-5తో పాస్ చేసింది. గడువు దాటిపోయి సభలో ఓటింగుకే రాలేదు. నాకింకా గ్రీన్‌కార్డే రాలేదు. మీకు ఓటుంది కదా, మీ రిప్రజెంటేటివ్ ఆఫీసుకి ఫోన్ చేసి ఆ ఒక్కటైనా అడగండి. స్టోర్ నడిపేవాణ్ని, నా దగ్గరా గన్ ఉంది అని కూడా చెప్పండి.