టీవీ యాడ్‌లో చెప్పే "90 శాతం కరెంటు ఆదా" మన ఇంట్లో ఎంత?

రాజాం_కుర్రోడు:
ఎల్ఈడీ బల్బుల యాడ్ ఒకటి టీవీలో రోజూ వస్తోంది. 90 శాతం కరెంటు ఆదా, 25,000 గంటలు వెలుగు అంటున్నాడు. మాది రాజాం. ఇంట్లో పాత చోక్ ట్యూబ్‌లైట్లు 4, 60 వాట్ల గుండు బల్బులు 3, దేవుడి గదిలో రాత్రంతా వెలిగే జీరో బల్బు ఒకటి. అన్నీ మార్చేస్తే బిల్లు తగ్గుతాదా? ట్యూబుల్ని ఉన్న పట్టీల్లోనే ఎల్ఈడీకి మార్చొచ్చా?

పాలకొండ_వైర్‌మేన్:
ఆ శాతం గుండు బల్బుతో పోల్చి చెప్పేది తమ్ముడూ, చోక్ ట్యూబుతో కాదు. 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుగు సుమారు 700 ల్యూమెన్లు. 9 వాట్ల ఎల్ఈడీ 900 దాకా ఇస్తుంది, అంటే ఆదా 85 శాతం. 90 రావాలంటే 6 వాట్లది పెట్టాలి, దానికి వెలుగు చాలదు. అందుకే కొనేటప్పుడు వాట్లు కాదు, డబ్బా మీద ల్యూమెన్లు చూడు.

రోజుకి 5 గంటల లెక్కన గుండు బల్బు నెలకి 9 యూనిట్లు తాగుతుంది, ఎల్ఈడీ 1.35. ట్యూబు 36 వాట్లే గానీ పాత చోక్ ఇంకో 14 దాకా తినేస్తుంది, అంటే 50. అదే 7.5 యూనిట్లు. 20 వాట్ల ఎల్ఈడీకి 3 చాలు. ఇక జీరో బల్బు పేరుకే జీరో, 12 నుంచి 15 వాట్లు లాగుతుంది. రాత్రంతా వెలిగితే నెలకి 4 యూనిట్ల పైమాటే. ముందు దాన్ని తీసి అర వాట్‌ది పెట్టు. మొత్తమ్మీద నీకు 45 యూనిట్ల దాకా మిగుల్తాయి. మన బిల్లు స్లాబుల లెక్క కదా, తగ్గేవి పైస్లాబులో ఖరీదైన యూనిట్లే.

బొబ్బిలి_బావ:
పట్టీల సంగతి జాగ్రత్త. ఎల్ఈడీ ట్యూబుల్లో కొన్నింటికి ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే చివర ఇవ్వాలి, కొన్నింటికి చెరో చివర. ఏది ఎటో ట్యూబు మీదే బొమ్మ ఉంటుంది. మెయిన్ ఆపి, చోక్, స్టార్టర్ తీసేసి ఆ బొమ్మ ప్రకారం వైరింగ్ మార్చాలి. ఒకే చివర ఇచ్చే రకమైతే, మార్చాక ఆ పట్టీ మీద "ఎల్ఈడీ మాత్రమే" అని రాసి అంటించండి. రేపెవరైనా మామూలు ట్యూబు పెడితే 230 వోల్టులు నేరుగా ఫిలమెంటుకి వెళ్లి ఠప్పున పోతుంది. ఇంత గొడవెందుకు అనుకుంటే ఫిట్టింగ్‌తో సహా వచ్చే 4 అడుగుల బ్యాటన్ కొనుక్కోండి. నా ఓటు దానికే.

కళింగపట్నం_తీరం:
25,000 గంటలంటే రోజుకి 5 గంటల చొప్పున 13 ఏళ్లు దాటాలి. మరి వారంటీ రెండేళ్లే ఎందుకంటే, ఆ గంటలు లోపలి చిప్పులవి. ముందు పోయేది డ్రైవరు, అంటే చిప్పులకి కరెంటు సరిపెట్టి ఇచ్చే చిన్న సర్క్యూట్. అందులో కెపాసిటర్ వేడికి ఎండిపోతుంది. మూసిన గాజు గోళంలో పెట్టిన బల్బు అందుకే తొందరగా పోతుంది. మా సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి హోల్డర్ ఇత్తడి పిన్నులు పచ్చబడి, పట్టు సడలి నిప్పురవ్వలొస్తాయి. బల్బు మార్చే ముందు పాత హోల్డర్ కూడా మార్చండి. తుపాను తర్వాత లైన్లో న్యూట్రల్ సరిగ్గా తగలకపోతే వోల్టేజి 300 దాటుతుంది, అప్పుడు ఏ కంపెనీదైనా ఒకటే. డబ్బా మీద సర్జ్ ప్రొటెక్షన్ (ఒక్కసారిగా ఎగసే వోల్టేజి నుంచి రక్షణ) 4 కేవీ, అంటే 4,000 వోల్టులు, అని ఉన్నది తీసుకుంటే పిడుగుల కాలంలో కాస్త నయం.

ఇంకోటి, వరిమళ్ల పక్క ఇళ్లకి వసారాలో తెల్ల లైటు వద్దు. వానాకాలం దీపపు పురుగులు గుంపుగా దిగుతాయి. డబ్బా మీద 3000 కె. (వెలుగు రంగుని చెప్పే కెల్విన్ అంకె) అని ఉన్న పసుపు రంగుది వేస్తే తగ్గుతాయి.

రాజాం_కుర్రోడు:
జీరో బల్బు మార్చేశాను. స్విచ్ ఆపినా కొత్తది సన్నగా వెలుగుతోంది. బల్బే చెడ్డదా?

పాలకొండ_వైర్‌మేన్:
బల్బుది కాదు. స్విచ్‌లో ఎర్ర ఇండికేటర్ ఉందా? దాని గుండా పారే కాసింత కరెంటే చాలు. ఇండికేటర్ లేకపోతే, స్విచ్ ఆపి, బల్బు తీసి, హోల్డర్ పిన్నులకి టెస్టర్ పెట్టు. వెలిగితే స్విచ్ న్యూట్రల్ మీద పడింది. ఎలక్ట్రీషియన్ చేత ఫేజు స్విచ్‌లోంచి వచ్చేలా మార్పించు. దేవుడి గదిలో చేయి పడే చోటు, ఆలస్యం చెయ్యకు.